అరకు ఘాట్‌లో సైకిలు మీద ఒక రోజు: అపోహలు – వాస్తవాలు

ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అరకుకి సైకిలు మీద వెళ్ళాలనుకునే కొత్తవాళ్ళని ఏళ్ళుగా నా వెంట తీసుకెళ్తున్నాను. దూరం సుమారు అరవై కిలోమీటర్లే. బౌడార దాటాక ఘాట్ మొదలవుతుంది. టైడా, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఎక్కి, సుంకరిమెట్ట కాఫీ తోటల పక్కనుంచి లోయలోకి దిగాలి. కింద ఎండ, మధ్యలో వాన, పైన మంచు, అన్నీ ఒకే పూటలో చూసిన రోజులు చాలా ఉన్నాయి. కాళ్ళలో బలం లేక ఇబ్బందిపడినవాళ్ళు తక్కువ. ఎవరో చెప్పిన తప్పు మాట నమ్మి వణికిపోయినవాళ్ళే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎక్కడమే కష్టం. దిగేటప్పుడు హాయిగా జారిపోవచ్చు.

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు సరిదిద్దే మాట ఇదే. ఎక్కేటప్పుడు గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో వెళ్తాం. ఒళ్ళంతా పనిచేస్తుంటుంది కాబట్టి వాన పడినా చల్లగా, బాగానే ఉంటుంది. దిగేటప్పుడు కాళ్ళకి పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు. వేగం మాత్రం 40కి చేరుతుంది. 10 డిగ్రీల గాలి ఆ వేగంతో తగిలితే ఒంటికి 6 డిగ్రీల్లా ఉంటుంది. అది కూడా బట్టలు పొడిగా ఉంటేనే. చెమటతోనో వానతోనో తడిసిన జెర్సీ ఒంట్లో వేడిని ఇంకా వేగంగా లాగేస్తుంది.

ఒక ఆగస్టులో మాతో వచ్చిన కుర్రాడు గాలికొండ దగ్గర తడిసిపోయాడు. వాన ఎక్కువవడంతో అందరం వెనక్కి తిరిగాం. "కిందకే కదా అన్నా, పది నిమిషాల్లో వెచ్చబడిపోతాను" అని జాకెట్ వేసుకోకుండానే బయల్దేరాడు. అనంతగిరి దాటేసరికి వేళ్ళు బిగుసుకుపోయి బ్రేక్ నొక్కలేకపోతున్నాడు. ఏం అడిగినా మాట ముద్దగా వస్తోంది. రోడ్డు పక్క టీ బడ్డీలో కూర్చోబెట్టి, తడి బట్టలు విప్పించి, పొడి చొక్కా తొడిగి, చక్కెర ఎక్కువేసిన వేడి టీ తాగించాం. తేరుకోవడానికి గంట పట్టింది. ఆ రోజు కింద ఎస్.కోటలో జనం చొక్కా గుండీలు విప్పుకుని తిరుగుతున్నారు. చలి దెబ్బ తగలడానికి మంచు కొండలే అక్కర్లేదు.

అందుకే మా గుంపులో ఒక నియమం ఉంది. శిఖరం మీద ఆగిన మొదటి రెండు నిమిషాల్లోనే, ఫొటోలకంటే ముందు, తడి బనీను మార్చాలి. పొడి బనీను, చేతి తొడుగులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎవరి బ్యాగులో వాళ్ళు పెట్టుకోవాలి. జాకెట్ లేకపోతే జెర్సీ లోపల ఛాతీకి అడ్డంగా న్యూస్‌పేపర్ పెట్టుకున్నా గాలి ఆగుతుంది. పాత రోజుల్లో యూరప్ రేసుల్లో రైడర్లు చేసింది ఇదే.

అపోహ: మంచి రెయిన్ జాకెట్ ఉంటే ఒళ్ళు తడవదు.

వాన లోపలికి రాదు, నిజమే. ఎక్కేటప్పుడు పట్టే చెమట మాత్రం బయటికి పోలేక లోపలే మిగిలి, అరగంటలో వానలో తడిసినట్టే అవుతుంది. సన్నని వానైతే ఎక్కేటప్పుడు తడవనివ్వండి. జాకెట్‌ని దిగడానికి దాచుకోండి.

అపోహ: ముందు బ్రేక్ పడితే పల్టీ కొడతాం, వెనక బ్రేకే వాడాలి.

బ్రేక్ వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. సైకిలుని గట్టిగా ఆపగలిగేది అదే. వెనకది ఒక్కటే నొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. రెండూ వాడండి. మలుపులోకి వెళ్ళాక కాకుండా, మలుపుకి ముందే, సైకిలు నిటారుగా ఉండగానే వేగం తగ్గించండి.

కొండ దిగినంతసేపూ బ్రేక్ పట్టుకునే ఉండటం కూడా ప్రమాదమే. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలనుకుంటే, వెయ్యి మీటర్లు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తితో మూడు లీటర్ల నీళ్ళని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాయవచ్చు. కొంత గాలి తీసుకుంటుంది, మిగతాదంతా బ్రేకుల్లోకే పోతుంది. రిమ్ బ్రేకులైతే, అంటే చక్రం అంచుని (రిమ్‌ని) నొక్కి ఆపేవైతే, రిమ్ బాగా వేడెక్కి ట్యూబు పేలవచ్చు. గట్టిగా నొక్కి వేగం తగ్గించాలి, వదలాలి, మళ్ళీ నొక్కాలి. వానలో తడి రిమ్ మీద మొదట బ్రేక్ పట్టదు. మలుపు కనిపించగానే మెల్లగా ఒకసారి తాకించి నీళ్ళు తుడిచెయ్యాలి. డిస్క్ బ్రేకులకి ఈ ఇబ్బంది తక్కువ. చాలా రోజుల తర్వాత పడే తొలి వాన ఇంకా ప్రమాదం, రోడ్డు మీది ఆయిలు, దుమ్ము కలిసి సబ్బులా జారుతుంది. తెల్ల గీతల మీద కూడా అంతే.

అపోహ: ఫోన్‌లో విశాఖకి వాన లేదని చూపించింది, ఇక టెన్షన్ లేదు.

ఆ లెక్క మైదానానిది. సముద్రం వైపు నుంచి వచ్చే తేమ గాలి తూర్పు కనుమలకి తగిలి పైకి లేస్తుంది. లేచేకొద్దీ చల్లబడి మబ్బవుతుంది. ఎత్తు పెరిగితే వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆకాశం తేటగా ఉన్నా, ఎండకి నేల కాగి మధ్యాహ్నం తర్వాత ఉరుములు మొదలవుతాయి. అందుకే తెల్లవారకముందే ఎస్.కోటలో కదులుతాం. పదకొండుకల్లా గాలికొండ చేరకపోతే అక్కడి నుంచే ఆకాశం చూసి నిర్ణయం తీసుకుంటాం.

అపోహ: రబ్బరు టైర్లున్నాయి కాబట్టి పిడుగు ఏమీ చెయ్యదు.

కార్లో ఉన్నవాళ్ళని కాపాడేది చుట్టూ ఉన్న లోహపు బాడీ, టైర్లు కావు. సైకిలుకి ఆ బాడీ లేదు. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే పక్కా భవనంలోకో బస్సులోకో వెళ్ళాలి. సిల్వర్ ఓక్ చెట్ల కింద నిలబడకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. కేంద్ర ప్రభుత్వ దామిని యాప్ పిడుగు ఎటు పడుతోందో చూపిస్తుంది. సిగ్నల్ ఉన్నచోటే చూసుకోండి, ఘాట్‌లో చాలా చోట్ల ఉండదు.

అపోహ: చలికి కాస్త మందు పుచ్చుకుంటే ఒళ్ళు వెచ్చబడుతుంది.

చర్మం దగ్గర రక్తనాళాలు వెడల్పై వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడే బయటికి పోతుంటుంది. ముందున్నది మలుపుల దారి. మా గుంపులో దీనికి మినహాయింపు లేదు.

అపోహ: చల్లగా ఉంది కాబట్టి నీళ్ళు అక్కర్లేదు.

దాహం తెలియదు, చెమట మాత్రం పడుతూనే ఉంటుంది. గంటకి అర లీటరైనా తాగండి. ఆకలి వెయ్యకముందే పల్లీ చిక్కీయో అరటిపండో తినండి.

అపోహ: మధ్యలో ఆపేస్తే రైడ్ చేసినట్టే కాదు.

అనంతగిరిలో మంచు దట్టంగా పట్టి పది మీటర్లు కూడా కనిపించని రోజున మేం ఆగిపోయాం. వెనక ఎర్ర లైటు ఉన్నా లారీవాడికి మనం కనిపిస్తామన్న నమ్మకం లేదు. సైకిళ్ళు ఒక ఖాళీ వ్యానులో ఎక్కించి కిందకి వచ్చేశాం. ఆ బృందంలో ఐదుగురు డిసెంబరులో మళ్ళీ వచ్చారు. ఆ రోజు గాలికొండ మీద ఎండ కాసింది. పైకి చేరగానే ఐదుగురూ చెప్పకుండానే ముందు బనీన్లు మార్చుకున్నారు.