కోట బయటి ఇళ్లు: విజయనగరం పాత వీధుల నేపథ్యం

గడప రోడ్డు కన్నా కిందికి దిగిపోయిన ఇల్లు కనిపిస్తే అక్కడ ఆగండి. విజయనగరం కోట చుట్టుపక్కల సందుల్లో పాత ఇంటిని పోల్చుకోవడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు. ఇల్లు కుంగి కాదు, రోడ్డు పెరిగి. పాత తారు గీకకుండా మీద మీద పొరలు వేసుకుంటూ పోవడంతో, ఒకప్పుడు మెట్లెక్కి చేరుకునే అరుగు ఇప్పుడు వీధికి సమంగా ఉంటుంది. వీధి గదిలోకి దిగి వెళ్లాలి. వానాకాలంలో కాలువ నీళ్లకూ అదే దారి.

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు గంటస్తంభం, కోట, పైడితల్లి గుడి, గురజాడ ఇల్లు చూసుకుని రామనారాయణం ఆలయం వైపు బండి తిప్పేస్తారు. ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లేటప్పుడు దాటిపోయిన వీధులే నిజానికి ఈ ఊరి చరిత్ర. వాటి గోడల మీద బోర్డులు ఉండవు.

కోటకు 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు శంకుస్థాపన చేశారని ఊళ్లో చెప్పుకుంటారు. కానీ ఇప్పుడు మనకు కనిపించే ఇళ్లు ఆ కత్తుల కాలానివి కావు. 1794లో ఈస్టిండియా కంపెనీతో జరిగిన పద్మనాభం యుద్ధంలో ఇక్కడి రాజు చిన విజయరామరాజు చనిపోయారు. 1802లో శాశ్వత శిస్తు వచ్చింది, అంటే జమీందారు కంపెనీకి ఏటా కట్టాల్సిన మొత్తం మారకుండా ఖాయమైంది. అక్కణ్ణుంచి సంస్థానానికి మిగిలిన పని శిస్తు వసూలు, దాని లెక్కలు, దాని దావాలు. అంటే గుమాస్తాలు కావాలి, వకీళ్లు కావాలి. 1857లో బడి పెట్టారు, 1879లో అది కాలేజీ అయింది, 1919లో సంగీత కళాశాల వచ్చి ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. పంతుళ్లు, పండితులు, విద్వాంసులు చేరారు. గురజాడ కూడా కాలేజీలో పాఠాలు చెప్పి, తర్వాత సంస్థానంలో శాసనాల పరిశోధన చేసిన ఉద్యోగే. ‘కన్యాశుల్కం’ మొదటి రంగం తెర తీసేది ఈ ఊళ్లోని బొంకులదిబ్బ మీద. ఈ సందుల్లోంచి నడిస్తే ఆ నాటకంలోని మనుషులు ఎలాంటి అరుగుల మీద కూర్చుని ఉంటారో అర్థమవుతుంది. నెల జీతం మీద బతికే మధ్యతరగతి కట్టుకున్న ఇళ్లు ఇవి. జమీందారీ భవంతులతో పోల్చి నిరాశపడితే తప్పు చూసేవాళ్లదే.

వీధిలో ఇంటి ముఖం సన్నం, లోతు ఎక్కువ. అరుగు, వీధి గది, సావిడి, ఆకాశం కనిపించే మండువా, వంటిల్లు, పెరడు, చివర నుయ్యి, ఒకదాని వెనక ఒకటి. రెండు పక్కలా గోడలు పొరుగింటితో ఉమ్మడి కాబట్టి పక్కన కిటికీలు ఉండవు. వెలుతురూ గాలీ మండువాలోంచే రావాలి. ఈ మధ్య దానిమీద రేకులు కప్పేసిన ఇళ్లున్నాయి. పగలే లైటు వేసుకోవాలి, గోడల చెమ్మ ఆరదు.

ఉమ్మడి గోడదే అసలు చిక్కు. ఇటు దూలాల కొసలూ అటు దూలాల కొసలూ అందులోనే కూర్చుంటాయి. లోపల చాలా చోట్ల ఇటుకను మట్టితో కట్టి, పైన సున్నం పూశారు. పొరుగువాళ్లు తమ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటుకు పునాది తీస్తే, వందేళ్లుగా వాన చూడని ముఖం ఒక్కసారిగా బయటపడుతుంది. పూత లేని ఆ మట్టి ఒక్క వానాకాలంలోనే కరగడం మొదలవుతుంది. పడగొట్టిన వారంలోపే ఆ ముఖానికి సున్నం పూత వేయించాలి. అంతవరకు టార్పాలిన్ కప్పాలి. ఈ రెండూ జరగని చోట పక్కిల్లు కూడా పోయినట్టే.

కప్పులు రెండు రకాలు. ఒకటి పెంకు. మొదట అంతా నాటు పెంకే. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకు ఫ్యాక్టరీ పెట్టాక గాడి ఉన్న పెంకు ప్రచారంలోకి వచ్చింది, 1890లలో ఈ తీరానికి రైలు వచ్చాక ఇక్కడికి తేవడం సులువైంది. అది చదరపు మీటరుకు 15 దాకా పడుతుంది. నాటు పెంకును పొరలు పొరలుగా పరవాలి కాబట్టి అంతకు ఎన్నో రెట్లు కావాలి, బరువూ ఎక్కువే. రెండోది మద్రాసు టెర్రస్. దూలాల మీద సుమారు అడుగున్నర ఎడంతో టేకు దంతెలు (సన్నటి అడ్డకర్రలు) వేస్తారు. వాటిమీద పలచటి చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. అది ఆరాక మూడు నాలుగు అంగుళాల ఇటుక కంకర, సున్నం కలిపి పరుస్తారు. కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్క దిమ్మిసలతో కొడతారు. దిమ్మిస ఎగిరిపడేంత గట్టిపడితే పని అయినట్టు.

ఆ దంతెలకు కలప రంగం (బర్మాలోని రంగూన్) నుంచి వచ్చేది. ఉత్తరాంధ్ర కూలీలు రంగం వెళ్లే ఓడలూ, అక్కణ్ణుంచి బర్మా టేకు తెచ్చే ఓడలూ నడిచింది ఈ సముద్రం మీదే. 1942లో బర్మా జపాన్ చేతిలో పడడంతో ఆ దారి మూసుకుపోయింది. ఆరేళ్లకే, 1948లో, మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం తెచ్చింది. కలప ఒక దెబ్బతో, సంస్థానం ఇచ్చే జీతాలు మరో దెబ్బతో పోయాయి. 1979 జూన్ 1న జిల్లా ఏర్పడి ఆఫీసులు వచ్చినా, కొత్త ఉద్యోగులు చూసింది విశాలమైన కొత్త కాలనీల వైపు.

ఈ ఇళ్లు కట్టడంతో అయిపోయేవి కావు. ఏటా మృగశిర కార్తె లోపు పెంకు నేయించాలి. కోతులు, పిల్లులు జరిపిన వరస సరిచేసి, పగిలినవి మార్చి, పుచ్చిన వాసాలు తీయాలి. ఆ పని ఒక్క ఏడాది మానేస్తే ఒక పెంకు సందులోంచి కారిన నీళ్లు దూలం కొసకు చేరతాయి, కుళ్లడం అక్కడే మొదలవుతుంది. కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్లూ వంటింటి పొగే వాసాలకు పురుగు మందు. తాళం వేసిన ఇల్లు తొందరగా పోవడానికి అదీ ఒక కారణం. వారసులు ఐదుగురు ఐదు ఊళ్లలో ఉంటారు. పదిహేను అడుగుల ముఖం ఉన్న ఇంటిని నిలువునా పంచితే ఎవరి వాటాలోనూ మంచం పట్టదు. చివరికి అమ్మకమే.

ఉంచుకున్నవాళ్లు చేసే తప్పు సిమెంటు. పునాది నుంచి పైకి పాకే చెమ్మ సున్నం పూతలోంచి ఆవిరైపోతుంది. సిమెంటు పూస్తే దానికి దారి ఉండదు. చెమ్మ ఇంకా పైకెక్కి దూలాన్ని పట్టుకుంటుంది, ఉప్పు పూసి పూత పెచ్చులుగా ఊడుతుంది. టెర్రస్ కారుతోందని పైన కాంక్రీటు పోస్తే టేకు దంతె మోయలేని బరువు పడుతుంది. నాణ్యమైన సున్నం ఒక పాలు, ఇసుక రెండు మూడు పాళ్లు, పలచటి పూతలు, ఒక్కో పూత తర్వాత కొన్ని రోజులు తడపడం: చేయాల్సింది ఇంతే. గానుగ సున్నం తయారు చేసేవాళ్లు కరువైపోవడం వేరే సంగతి.

చట్టం కాపాడుతుందనుకోవద్దు. నూరేళ్లు దాటినంత మాత్రాన ఇంటికి రక్షణ రాదు. ప్రభుత్వం రక్షిత కట్టడంగా నోటిఫై చేయాలి. కోట లోపలి మోతీ మహల్‌నే 2020లో పడగొట్టారు. అదే ఏడాది ఊళ్లో అందరికీ ఆనవాలైన మూడు లాంతర్ల స్తంభాన్నీ తొలగిస్తే పెద్ద గొడవైంది. మామూలు ఇంటి గురించి గొడవ చేసేవాళ్లు ఎవరు?

చూడ్డానికి పొద్దున్నే ఆరున్నరకు బయల్దేరితే మంచిది. షాపులు తెరవకముందు బోర్డులూ బళ్లూ అడ్డం ఉండవు. ముందు గడప ఎత్తు చూడండి, తర్వాత చూరు కింద చెక్కుడు పని, ద్వారబంధం మందం, గోడ అడుగున చెమ్మ గీత. లోపలికి వెళ్లాలంటే అరుగు మీద ఉన్నవాళ్లను అడగాలి. చాలామంది కాదనరు, కానీ వంటిల్లూ దేవుడి గదీ ఫొటో తీయకూడదు. పిట్టగోడ మీద రావి మొక్క కనిపిస్తే ఇంటివాళ్లకు ఒక మాట చెప్పండి: లాగి పీకితే ఇటుకలు కూడా ఊడొస్తాయి, మొదలు కోసి, వేరు చచ్చేదాకా మందు పెట్టి, ఆ తర్వాతే ఆ కంతను సున్నంతో పూడ్చాలి.