హిరోషిమా పాఠంలోంచి చేప ఎందుకు పోయింది?

హిరోషిమా నగర విద్యా మండలి 2023లో మూడో తరగతి శాంతి పాఠాల పుస్తకంలోంచి ఒక మాంగా బొమ్మలను తీసేసింది. మాంగా అంటే జపాన్ బొమ్మల కథ. దీని పేరు ‘హదాషి నో గెన్’, అంటే చెప్పుల్లేని గెన్. పోయిన ఘట్టాల్లో ఒకటి ఇది: కడుపుతో ఉన్న అమ్మకు సరైన తిండి లేదని గెన్ ఎవరింటి కొలనులోనో కోయి చేప పట్టబోతాడు. మన చెరువుల్లో బంగారుతీగ అంటామే, ఆ జాతి చేప. ఆ రోజుల సంగతులు విడిగా వివరిస్తే తప్ప ఈ కాలం పిల్లలకు అర్థం కాదని అధికారులు అన్నారు.

దీని వెనుక దాదాపు ఎనభై ఏళ్ల కథ ఉంది. 1945లో యుద్ధం ఓడిపోయాక జపాన్ పిల్లలు తమ పుస్తకాలకు తామే సిరా పూశారు. టీచర్ చెప్తుంటే కుంచె ముంచి, యుద్ధాన్ని పొగిడే వాక్యాలను ఒక్కొక్కటే నల్లగా కప్పేశారు. ఆ సెప్టెంబర్‌లోనే అమెరికా ఆక్రమణ సేనలు పత్రికలకు సెన్సార్ పెట్టాయి. అణుబాంబు గాయాల ఫొటోలు జనం కంటపడటం కష్టమైపోయింది. ఆ లోటు తీర్చింది బొమ్మలే. మరుకి ఇరి, మరుకి తోషి దంపతులు తాము గీసిన అణుబాంబు చిత్రాలను 1950 నుంచి ఊరూరా తిప్పి చూపించారు.

గెన్‌ను గీసిన నకజవా కెయిజికి బాంబు పడ్డప్పుడు ఆరేళ్లు. బడి దగ్గర గోడ అడ్డు రావడంతో బతికారు. నాన్న, అక్క, తమ్ముడు పోయారు. 1966లో అమ్మ కూడా పోయింది. మనం అస్థికలు ఏరినట్టే అక్కడా దహనమయ్యాక ఇంటివాళ్లు చాప్‌స్టిక్స్‌తో ఎముకలు ఏరి పాత్రలో వేస్తారు. ఆయనకు ఏరుకోవడానికి ఎముకలు మిగల్లేదు, బూడిదే. అమ్మ ఎముకలను కూడా బాంబు తినేసిందన్న కోపంతోనే ఆయన అణుబాంబు మీద గీయడం మొదలుపెట్టారు. 1973లో పిల్లల వారపత్రిక షోనెన్ జంప్‌లో గెన్ మొదలై, చివరికి పది సంపుటాలైంది. మాంగాలను రానివ్వని బడి లైబ్రరీలు కూడా దీన్ని పెట్టుకున్నాయి.

అందులో ఆకలి, దొంగతనంతో పాటు జపాన్ సైనికులు ఆసియాలో చేసిన ఘోరాలు కూడా ఉన్నాయి. 2012 డిసెంబర్‌లో మత్సుయే నగర విద్యాధికారులు ఈ పుస్తకాన్ని పిల్లలకు అందకుండా లోపలి గదుల్లో పెట్టమన్నారు. నకజవా కన్నుమూసింది కూడా ఆ నెలలోనే. సంగతి బయటపడి గొడవయ్యాక, 2013 ఆగస్టులో ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు.

హిరోషిమా అధికారుల మాట నాకు మింగుడుపడదు. వివరించాల్సి వస్తుందనే కదా బడిలో టీచర్ ఉండేది? అమ్మ కోసం చేప దొంగిలించాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందని ఎనిమిదేళ్ల పిల్ల అడిగితే, యుద్ధం గురించి చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు.

అదే సవరణలో పై తరగతుల పుస్తకంలోంచి ఐదో ఫుకుర్యూ మరు ప్రస్తావన కూడా పోయింది. 1954లో పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద మీద పడ్డ ట్యూనా చేపల పడవ అది. టోక్యోలోని యుమెనోషిమాలో ఆ పడవను ఇప్పటికీ చూడొచ్చు.