కప్పు అడుగున బురద ఎందుకు?

చి. బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ప్రశ్న అందింది. నాయనమ్మ ఫిల్టర్ కాఫీ అడుగున ఏమీ మిగలదు, నాన్న కొత్తగా కొన్న ఫ్రెంచ్ ప్రెస్ (పొడి వేడినీళ్లలో నానాక, కడ్డీకున్న జాలీని దించి వంపుకునే కూజా) కాఫీలో మాత్రం బురద ఎందుకుంటోంది, పైగా అంత చేదెందుకు అని అడిగావు. జాలీ బాగోలేదని నాన్న దాన్ని వెనక్కి పంపేద్దామంటున్నాడట. పంపొద్దని చెప్పు. గింజల్ని మిక్సీలో వేశాడు కదా, చిక్కంతా అక్కడే వచ్చింది.

నాయనమ్మ దప్పళానికి కూరగాయలు తరిగేటప్పుడు పక్కన కూర్చుని చూడు. చిలగడదుంపని ఒక ముక్క గోరంత, ఒకటి బొటనవేలంత, ఇంకోటి పిడికిలంత తరిగి అన్నీ ఒకేసారి గిన్నెలో పడేస్తే ఏమవుతుంది? గోరంతది గుజ్జయి పులుసులో కలిసిపోతుంది. పిడికిలంతది నడుమ పచ్చిగానే ఉంటుంది. మంట పెంచినా తగ్గించినా ఆ దప్పళం బాగుపడదు. పొయ్యెక్కక ముందే, కత్తిపీట దగ్గరే చెడింది.

కాఫీ పొడీ అంతే. నీళ్లు పొడిలోంచి రుచులన్నిటినీ ఒక్కసారే లాగెయ్యవు. ముందు పులుపు దిగుతుంది, దాని వెనక తీపి, ఆఖరున చేదు. అందరికీ ఇచ్చిన టైము ఒకటే, నాలుగు నిమిషాలు. ఆలోగా గోరంత ముక్కలు చేదు దాకా వెళ్లిపోతాయి, పిడికిలంత ముక్కలు పులుపు దగ్గరే ఆగిపోతాయి. అందుకే మీ నాన్న కాఫీ ఒకే గుక్కలో చేదుగానూ ఉంటుంది, పుల్లగానూ ఉంటుంది.

మిక్సీ బ్లేడు గింజని కోయదు, కొడుతుంది. ఎదురుపడ్డ ముక్కనే మళ్లీ మళ్లీ కొట్టి పిండి చేస్తుంది. మూలకి పోయినదాన్ని వదిలేస్తుంది. బర్ గ్రైండర్ అని ఇంకో రకం ఉంది. అందులో పళ్లున్న రెండు చక్రాలుంటాయి, వాటి మధ్య సందు మనం పెట్టుకున్నంత. ఆ సందులో పట్టేంత చిన్నదైతే తప్ప ఏ ముక్కా బయటికి రాదు. అందులోనూ కొంచెం ధూళి వస్తుంది, అసలు రాని గ్రైండర్ లేదు. కానీ ముక్కలు చాలావరకు ఒకే సైజులో ఉంటాయి.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇనప కాఫీ మర ఉండేది. బల్ల అంచుకి స్క్రూతో బిగించేవాళ్లం. అమ్మ పచ్చి గింజల్ని మూకుట్లో వేయించి, చల్లారాక నాకిచ్చేది. పిడి తిప్పే పని నాది. మొదట్లో రెండు చేతులా పట్టుకున్నా కదిలేది కాదు. గింజలు చిట్లడం మొదలయ్యాక కరకరమంటూ తేలికయ్యేది. అమ్మ వంటింట్లోంచే ఆ చప్పుడు విని, "వదులుగా ఉందిరా, నట్టు కాస్త బిగించు" అనేది. తర్వాత వచ్చి, చిటికెడు పొడి రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఊఁ అనేది. ఆ ఊఁ వినపడితే నాకు బడికి పోవడానికి ఎక్కడలేని హుషారు వచ్చేది. ఇప్పుడు వేలకి వేలు పోసి కొంటున్న బర్ గ్రైండర్లో ఉన్నదీ ఆ పళ్ల చక్రాలే. ఫిల్టర్‌కి పొడి సన్నగా ఉండాలి కాబట్టి నట్టు బిగించేవాళ్లం. ప్రెస్‌కైతే వదులు చెయ్యాలి, ఉప్మా రవ్వ కంటే ఇంకాస్త బరకగా పడాలి.

ఇక బురద సంగతి. నాయనమ్మ ఫిల్టర్లో నీళ్లు నొక్కిపెట్టిన పొడి గుండా బొట్టు బొట్టుగా దిగుతాయి. సన్నటి ధూళిని ఆ పొడే పట్టి ఆపుతుంది. ప్రెస్‌లో పొడి నీళ్లలో విడివిడిగా తేలుతుంటుంది, ఆపడానికి ఒక్క ఇనప జాలీయే దిక్కు. ధూళి దాన్ని దాటేస్తుంది. గింజలోని నూనె కూడా దాటుతుంది. ప్రెస్ కాఫీ నాలుక మీద చిక్కగా అనిపించేది ఆ నూనె, ఆ ధూళి వల్లే.

ఈ ప్రెస్ ఇప్పటిది కాదు. 1852లో పారిస్‌లో మాయెర్, డెల్ఫోర్జ్ అనే ఇద్దరు కడ్డీకి జాలీ తగిలించి పేటెంటు తీసుకున్నారు. 1929లో ఇటలీలోని మిలాన్‌లో కలిమానీ, మోనెటా దాన్ని బాగుచేసి ఇంకో పేటెంటు తీసుకున్నారు. అప్పుడైనా ఇప్పుడైనా జాలీ చేసేది కొంతే. మిగతాది నీళ్లని కాసేపు కదపకుండా ఉంచితే జరుగుతుంది.

ఇదిగో, మళ్లీ దప్పళమే. దింపగానే గరిటె పెట్టి అడుగు కలిపేవాళ్లని నాయనమ్మ ఊరుకోదు. కాసేపు ఆగితే ముక్కలు దిగి, పైన పులుసు తేరుకుంటుంది. ప్రెస్‌నీ అలాగే చూసుకోవాలి. అరలీటరు నీళ్లకి 30 గ్రాముల పొడి. నీళ్లు మరిగాక దింపి, అరనిమిషం ఆగి పొయ్యాలి. నాలుగు నిమిషాలయ్యాక పైన తేలిన తెట్టుని చెంచాతో మెల్లగా కదిపితే పొడి చాలావరకు మునిగిపోతుంది. మిగిలిన నురగ తీసేసి, ఇంకో అయిదు నిమిషాలు దాని జోలికి పోకూడదు. తర్వాత జాలీని కాఫీ పైభాగం దాకా దించి, నెమ్మదిగా వంపుకోవాలి. అడుగుదాకా నొక్కితే దిగిన మడ్డి మళ్లీ లేస్తుంది. పొడి మరీ సన్నగా ఉంటే కడ్డీ బిగుసుకుపోతుంది, బలంగా నొక్కితే వేడి కాఫీ మీదకి చిమ్ముతుంది. అందుకని ఆ పని నాన్నే చెయ్యాలి, మీరు చూడాలి. తరిగిన గుమ్మడికాయ మర్నాటికి వాడిపోయినట్టే ఆడిన పొడీ వాసన కోల్పోతుంది, కాబట్టి ఏ పూటకాపూటే ఆడించుకోండి.

మీరు తెచ్చుకున్నది అరకు గింజలని రాశావు. అక్కడ సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగుతాయి, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకుతాయి. నవంబరు నుంచి పండిన ఎర్రటి పళ్లని గిరిజన కుటుంబాలు చేత్తో ఏరి కోస్తాయి. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత చేతిపని పడ్డ గింజని చివరి నిమిషంలో చిందరవందరగా కొట్టి పారబోసుకోవడం నాకు మనసొప్పదు. కష్టపడి పండించినవాళ్లని తలుచుకుని చెయ్యాల్సిన పని అది.

చంటీ, నీళ్లు పొయ్యగానే పొడి ఎందుకు పొంగుతుందని నువ్వడిగావు. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, పాత పొడి అంతగా పొంగదు. అంతవరకు చెప్పగలను. కానీ అప్పుడొచ్చే వాసనలో వందల రకాల పదార్థాలు ఉంటాయి నాన్నా. ఒక చిన్న పండు లోపలి గింజ, దానికి నిప్పు సెగ తగిలితే ఇన్ని పుట్టాయి! వాటి పేర్లు చదవడం కంటే నువ్వు వంటింట్లో నిలబడి ఒకసారి గుండెల నిండా పీల్చు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. కాఫీ గింజలమ్మే కొట్లో కొన్ని గింజలు బరకగా ఆడించుకుని రండి, ఇంట్లో కొన్ని మిక్సీలో వెయ్యమనండి. రెండు తెల్ల కాగితాల మీద చెంచాడు చొప్పున పరిచి, కిటికీ దగ్గర వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి. తర్వాత రెండిటినీ టీ వడకట్టే జల్లెడలో పోసి తట్టండి. కిందికి రాలిన ధూళి ఏ పొడిలో ఎక్కువుందో చూడండి. రెండు కాఫీలూ విడివిడిగా పెట్టించి, చంటి కళ్లు మూసి రెండిట్లోంచీ ఒక్కో చెంచా రుచి చూపించు బుజ్జీ. వాడేమన్నాడో నాకు రాయి.

ఇట్లు,
తాతయ్య