పూసల వాగును మ్యాపులో గీయాలంటే

అలాస్కా ఉత్తర తీరంలోని టండ్రా మైదానం మీద కొన్ని వాగులు పైనుంచి పూసల దండల్లా కనిపిస్తాయి. ఒక గుండ్రటి మడుగు, సన్నటి పాయ, మళ్లీ మడుగు. అక్కడ లోపలి నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. చలికి బిగుసుకుని పగిలిన నేలలోకి వసంతంలో కరిగిన నీళ్లు దిగి మళ్లీ గడ్డకడతాయి. వందల ఏళ్లు ఇలా జరిగితే ఆ పగుళ్లలో మంచు చీలలు దిగబడతాయి. చీలలు కలిసే చోట మంచు కరిగిందంటే పైనేల కుంగుతుంది. ఆ గుంటే మడుగు.

ఈ చీలలు ఎలా పుడతాయో మొదటగా వివరంగా చెప్పినవాడు ఒక మ్యాపు తయారీదారు, ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్. 1906 నుంచి 1914 వరకు, మధ్యలో విరామాలతో, ఫ్లాక్స్‌మన్ దీవిలో పాడైన ఓడ కలపతో కట్టుకున్న గుడిసెలో ఉంటూ, కుక్కల బండి మీదా చిన్న పడవలోనూ తిరిగి తీరాన్నీ కానింగ్ నది ప్రాంతాన్నీ కొలిచాడు. ఆ పనిని అమెరికా జియలాజికల్ సర్వే 1919లో ప్రచురించింది. గీత గీసి ఊరుకోకుండా, ఆ గీత కింద నేల ఎందుకు అలా ఉందని అడగడం నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చే విషయం.

తర్వాత విమానం ఫొటోల కాలం వచ్చింది. 1950ల నుంచి మైలుకు అంగుళం చొప్పున మ్యాపులు తయారయ్యాయి. కొండల్లో వాటి కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, బాగానే పనికొస్తాయి. మైదానంలోనే చిక్కు. చాలాచోట్ల 50 అడుగులకో, 100 అడుగులకో ఒక గీత ఉంటే, మధ్యలో మీటరు ఎత్తు తేడా ఎలా తెలుస్తుంది? వాగు ఎటు పారాలో తేల్చేది ఆ మీటరే. పాత మ్యాపులోని నీలిగీతను కొత్త కొలతల మీద పరిస్తే కొన్నిచోట్ల వాగు గట్టెక్కి పారుతున్నట్టు కనిపిస్తుంది.

ఆ కొత్త కొలతలు 2010 నుంచి విమాన రాడార్‌తో తీసినవి. ఎండాకాలం చాలా చిన్నది, అందులోనూ మబ్బులు. రాడార్‌కు మబ్బు అడ్డం కాదు. నేలను తాకి తిరిగొచ్చే తరంగం రెండు యాంటెన్నాలకు కాస్త తేడాతో చేరుతుంది, ఆ తేడా నుంచి ఎత్తు లెక్కకడతారు. ప్రతి 5 మీటర్లకూ ఒక ఎత్తు దొరుకుతుంది. అయినా మీటరు వెడల్పున్న పాయ ఆ గడిలో కనబడదు.

ఉపగ్రహ చిత్రాల జంటలతో చేసిన ఆర్కిటిక్‌డెమ్ అనే ఎత్తుల మ్యాపులో ప్రతి 2 మీటర్లకూ ఒక ఎత్తు దొరుకుతుంది. ఒకే చోటును వేర్వేరు ఏళ్లలో కొలిచి, పాత ఎత్తులోంచి కొత్త ఎత్తు తీసేస్తే నేల ఎంత కుంగిందో తెలుస్తుంది.