కార్వర్, వేరుశనగ: అపోహలు - వాస్తవాలు

అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేది పల్లీ వెన్న. వేరుశనగ సాగులో పనిచేసే మాకు ఇది బాధగా ఉంటుంది. ఆయన నేల కోసం పడ్డ శ్రమంతా ఆ ఒక్క మాట వెనక మరుగున పడిపోయింది.

అపోహ: పల్లీ వెన్న కనిపెట్టింది ఆయనే.
వాస్తవం: కాదు. కెనడాకు చెందిన మార్సెలస్ ఎడ్సన్ 1884లోనే పల్లీ ముద్దకు పేటెంటు తీసుకున్నాడు. కార్వర్ పేరున ఉన్న పేటెంట్లు మూడే. ఒకటి సౌందర్య సాధనాలది, రెండు రంగులవి.

అపోహ: పెద్ద చదువు లేకుండా స్వయంకృషితో శాస్త్రవేత్త అయ్యాడు.
వాస్తవం: మిస్సోరీలో బానిసగా పుట్టిన మాట నిజమే. అయితే అయోవా వ్యవసాయ కళాశాలలో 1894లో డిగ్రీ, 1896లో ఎమ్మెస్ పూర్తిచేశాడు. శిలీంధ్రాల మీద గట్టి పట్టున్నవాడు. ఆ కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థి, మొదటి నల్లజాతి అధ్యాపకుడు కూడా ఆయనే. 1896లోనే అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థకు వెళ్లి, 1943లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

అపోహ: ఆయన చెప్పిందల్లా వేరుశనగ ఒక్కటే.
వాస్తవం: ఏటా పత్తే వేసి సారం పోగొట్టుకున్న నేలలకు అలసంద, చిలగడదుంప కూడా వేయమన్నాడు. ఎరువు కొనలేని కౌలు రైతులకు రాలిన ఆకులు, చిత్తడి నేలల మట్టి కుళ్లబెట్టి వాడమన్నాడు. 1906 నుంచి జెసప్ బండి అనే కదిలే వ్యవసాయ బడి పనిముట్లతో ఊళ్లకే వెళ్లి చేసి చూపించేది. 1916లో వేరుశనగ మీద వేసిన కరపత్రంలో సాగు పద్ధతితో పాటు 105 వంటకాలున్నాయి. పండిన పంట ముందు రైతు ఇంట్లో కడుపు నింపాలన్నది ఆయన ఉద్దేశమని మా అభిప్రాయం.

అపోహ: వేరుశనగ వేస్తే చాలు, భూమి దానంతటదే బాగుపడుతుంది.
వాస్తవం: మన అనంతపురం వైపు కూడా వినిపించే మాట ఇది. గాలిలోని నత్రజనిని పట్టేది వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా. విత్తిన 35-40 రోజులకు మొక్కను జాగ్రత్తగా తవ్వి తీసి, బుడిపె కోసి చూడండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగుంటే పనిచేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేనట్టు. యూరియా ఎక్కువైతే బుడిపెలు తగ్గుతాయి. విత్తనశుద్ధిలో ముందు తెగులు మందు పట్టించి, నీడలో ఆరాక, చివర్లో రైజోబియం కలపాలి. ఎండలో ఆరబెడితే ఆ బాక్టీరియా చచ్చిపోతుంది.

ఇంకో సంగతి. నత్రజనిలో పెద్ద వాటా గింజల్లోకే పోతుంది. మొక్కను వేరుతో సహా పీకి మేతకు తీసుకెళ్తే మిగిలినదీ చేను దాటిపోతుంది. రాలిన ఆకు, పశువుల పేడ తిరిగి ఆ చేనికే చేరాలి. ఏటేటా వేరుశనగ మీద వేరుశనగే వేస్తే మొదలుకుళ్లు, ఆకుమచ్చ తెగుళ్లు నేలలో పాతుకుపోతాయి. జొన్న, సజ్జ లాంటివి మధ్యలో రావాలి.