"అన్నీ రాసుకున్నాం, సంతకం కూడా అయింది": సాఫ్ట్‌వేర్ అవసరాలపై అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నం రుషికొండ ఐటీ హిల్స్‌లో పన్నెండేళ్లుగా నాది ఒకటే పని. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల మాట విని, దాన్ని తయారుచేసే డెవలపర్లకు అర్థమయ్యేలా చెప్పడం. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో చెప్పే ఆ జాబితానే మేం 'అవసరాలు' అంటాం. ఈ పనిలో తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: ఏం కావాలో వాడేవాళ్లకు తెలుసు, అడిగితే చెప్పేస్తారు.

వాస్తవం: వాళ్లకు పని తెలుసు. కానీ రోజూ చేసే పనిలో ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏముందో తట్టదు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొనే ఒక వ్యాపారికి బిల్లింగ్ యాప్ చేశాం. "రేటు, బరువు కొడితే బిల్లు రావాలమ్మా, అంతే" అన్నారు. అలాగే చేసిచ్చాం. ఎవరూ వాడలేదు. ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి వేలంపాట దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అక్కడ పాట కుప్పల లెక్కన నడుస్తోంది. కుప్పకింత అని ధర ముందే ఖాయం, తూకం ఆ తర్వాతెప్పుడో. మా స్క్రీనేమో బరువు వేయందే ముందుకు కదలదు. గుమాస్తా గారి చేతులు ఐసు నీళ్లతో తడిసిపోయి, ఎన్నిసార్లు వేలు పెట్టినా ఫోన్ పనిచేయడం లేదు. చెవి మీది పెన్సిల్ తీసి అట్టముక్క మీద రాసేసుకున్నారు. ఆయన్ని అడిగి ఆ అట్టముక్క ఫొటో తీసుకున్నాను. కొత్త స్క్రీన్ దాన్ని చూసే గీశాం: పడవ పేరు, కుప్ప, పాట ధర, పెద్ద పెద్ద బటన్లు. బరువు తర్వాత వేసుకోవచ్చు.

అపోహ: అందరం తెలుగులోనే మాట్లాడుకుంటున్నాం, తేడా ఎందుకొస్తుంది?

వాస్తవం: "సరుకు వచ్చింది" అంటే యజమానికి పడవ జెట్టీకి చేరినట్టు. గుమాస్తాకి తూకం అయినట్టు. మా డెవలపర్‌కి స్టాకులో అంకె పెరిగినట్టు. అందుకే నేను "మీకేం కావాలి?" అని మొదలుపెట్టను. "నిన్న కొన్న ఒక్క కుప్ప సంగతి మొదటి నుంచి చెప్పండి" అంటాను.

అపోహ: చిన్న మార్పే కదా!

వాస్తవం: బిల్లు మీద లోగో మార్చడం చిన్నదే. ఒకే కుప్పను ఇద్దరు కొనుగోలుదారులకు పంచాలంటే లెక్కల అమరిక మొత్తం కదులుతుంది. ఏది చిన్నదో ముందుగా డెవలపర్‌ని అడగండి.

అపోహ: అవసరాల పత్రం మీద సంతకం అయితే అవి ఖాయమైనట్టే.

వాస్తవం: ఒక దశ పూర్తయ్యాకే తర్వాతిది మొదలుపెట్టే దశలవారీ పద్ధతికి మూలమని అందరూ చూపించే 1970 నాటి వ్యాసంలో అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త విన్‌స్టన్ రాయిస్ కూడా వినియోగదారుణ్ణి చివరిదాకా ఆగకుండా ముందు నుంచే పనిలో కలుపుకోమనే రాశారు. ఆ చేపల యాప్‌కి మేం రాసిన పత్రం ఇంగ్లిషులో ఉంది. యజమాని చదవకుండానే సంతకం పెట్టారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధమని అందులో ఎక్కడా లేదు. ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి "ఈరోజు కొనుగోళ్లు నమోదు కాలేదు" అని యాప్ రోజూ హెచ్చరించడం మొదలుపెట్టింది. వాళ్లకు టెన్షన్, మాకూ టెన్షన్. ఆ రెండు నెలలూ ఆయన పడవలవాళ్లకు అడ్వాన్సులు ఇస్తారు. అది రాసుకునే చోటే మేం పెట్టలేదు.

ఇప్పుడు ప్రతి పేజీ తెలుగులో చదివి వినిపిస్తున్నాను. మొన్న అలా చదువుతుంటే గుమాస్తా గారు మధ్యలో ఆపి, నా చేతిలో పెన్ను తీసుకుని, అడ్వాన్సు పక్కన ఇంకో గడి గీశారు. "తీరిన బాకీ ఎక్కడ రాయాలమ్మా?"