ఆదివారం పందిరి

నెల్లూరు

చిరంజీవులు సిరికి, చిన్నుకి తాత ఆశీస్సులు.

సిరీ, మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. శనివారం సాయంత్రం నాన్నకి కారు నచ్చిందనీ, కాగితాలు పూర్తయ్యేలోగా షోరూం మూసేశారనీ, ఆదివారం వెళ్తే తాళం వేసుందనీ చెప్పావు. "అందరికీ సెలవున్న రోజే మూసుకుంటారా? వాళ్ళకి వ్యాపారం తెలీదా తాతా?" అన్నావు. వ్యాపారం తెలిసే మూశారమ్మా.

మన పెరట్లో బీరపాదు పందిరి గుర్తుందా? అది మీ అత్త పెళ్ళికి, వంటవాళ్ళకి నీడ కోసం వేయించింది. పెళ్ళయ్యాక పీకిద్దామనుకుంటుండగానే మీ నానమ్మ గుంజ మొదట్లో నాలుగు బీరగింజలు పెట్టింది. ఇప్పుడు పందిరి మీద చెయ్యి వేస్తే నాకు అన్నం పెట్టదు.

మీ టెక్సాస్‌లో ఆదివారానికి పందిరి వేసింది చర్చి. ఆ రోజు ప్రార్థనకే గానీ పనికి కాదని నమ్మేవాళ్ళు. చట్టాలు చేసేవాళ్ళలో చాలామంది కూడా చర్చి బెంచీల మీద కూర్చునేవాళ్ళే. ఇలాంటి చట్టాలని అక్కడ బ్లూ లాస్ అంటారు. 1961లో శాసనసభ 42 రకాల వస్తువులకి ఒక జాబితా రాసింది. బట్టలు, చెప్పులు, ఫ్యాన్లు, గిన్నెలు, పరుపులు, గడియారాలు, కార్లు. వీటిని శని, ఆదివారాలు రెండు రోజులూ అమ్మకూడదు, ఏదో ఒక రోజే అమ్మాలి. చేతి పనిముట్లకి మినహాయింపు ఇచ్చారు, ఇనప సామానుకి ఇవ్వలేదు. అంటే శనివారం మేకులు అమ్మిన కొట్టువాడు ఆదివారం సుత్తి అమ్మొచ్చు, మేకులు అమ్మకూడదు! ఇది చదివి నేనొక్కణ్ణే నవ్వుకుంటుంటే నానమ్మ కంగారుగా వచ్చి చూసింది.

అదే ఏడాది మేరీల్యాండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి చట్టాలని నిలబెట్టింది. మతం కోసం పుట్టినా, ఇప్పుడు అందరికీ ఒక రోజు విశ్రాంతి దొరుకుతోంది కదా అంది. పందిరి ఎవరు వేశారన్నది వదిలేసి, ఇప్పుడు పాకిన పాదు ఏదని చూశారన్నమాట. పెన్సిల్వేనియా నుంచి కొందరు యూదు వ్యాపారులు కూడా అప్పుడే కోర్టుకెళ్ళారు. మతం ప్రకారం శనివారం, చట్టం ప్రకారం ఆదివారం మూస్తే మేమెలా బతకాలన్నారు. ఓడిపోయారు. నీడ అందరికీ అని చెప్పి, గుంజలు మాత్రం వాళ్ళ వాకిట్లో పాతినట్టయింది. నాకది న్యాయంగా తోచలేదు.

1985లో టెక్సాస్ ఆ పందిరి చాలావరకు పీకేసింది. రెండు గుంజలు మిగిలాయి. మద్యం షాపులు ఆదివారం తెరవకూడదు. కార్లు శని, ఆదివారాల్లో ఒక రోజే అమ్మాలి. ఈ రెండో గుంజని పీకొద్దని ఇప్పుడు గట్టిగా పట్టుకున్నది ఎవరనుకున్నావు? కార్ల డీలర్లే.

ఎందుకో నాకు బాగా తెలుసు. మా నాన్నకి బట్టల కొట్టుండేది. వారానికొక రోజు మూయాలి. ఆ రోజు ఆయనకి నిద్ర పట్టేది కాదు, ఎదురు కొట్టాయన తలుపు ఓరగా తీసి అమ్ముతున్నాడేమోనని టెన్షన్. గంటకోసారి చూసి రమ్మని నన్ను పంపేవాడు. "మూసే ఉంది నాన్నా" అంటే గానీ నడుం వాల్చేవాడు కాదు. ఒకసారి గోళీలాటలో పడి, వెళ్ళకుండానే మూసుందని చెప్పేశాను. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఎదురు కొట్లో ఒక పెళ్ళివారి బేరమంతా జరిగిపోయింది. నా వీపు విమానం మోత మోగింది. అబద్ధం సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

డీలర్లదీ మా నాన్న లెక్కే. అందరూ మూస్తే ఎవరి బేరమూ పోదు. ఆదివారం కొననివాడు సోమవారం కొంటాడు, కారేమన్నా తోటకూరా వాడిపోవడానికి?

చిన్నూ, మీ తరగతి గోడ మీద పోస్టర్ ఎందుకని అడిగావు కదా, దాని సంగతి. ప్రభుత్వ బళ్ళలో ప్రతి తరగతి గదిలోనూ బైబిల్లోని పది ఆజ్ఞలు పెట్టాలని 2025లో టెక్సాస్ చట్టం చేసింది. వద్దని కోర్టుకెళ్ళిన వాళ్ళలో పాస్టర్లు కూడా ఉన్నారు. ఇక్కడ నా బీరపాదు పనికిరాదు. ఇది అచ్చంగా పెళ్ళి పందిరే, బడిలో వేశారు.

అన్నట్టు, మీ టెక్సాస్‌ని లోన్ స్టార్ స్టేట్, అంటే ఒంటరి చుక్క రాష్ట్రం అంటారు కదా, మన నెల్లూరు బాప్టిస్టు మిషన్ పేరు కూడా లోన్ స్టారే! 1853లో, ఫలితం లేదు మూసేద్దామా అని అమెరికాలో వాళ్ళ పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, మ్యాపులో ఇక్కడ ఒంటరిగా ఉన్న చుక్కని చూసి ఆ పేరు పెట్టారు. చివరికి మూయలేదు. ఈ ముక్క ఉత్తరానికి అవసరం లేదు, ఉండబట్టలేక రాశాను.

ఈ ఆదివారం నాన్నని అడిగి ఆ షోరూం వైపు వెళ్ళి చూడండి. సేల్స్ వాళ్ళు వెంటపడరని ఆ రోజే తీరిగ్గా కార్లు చూసుకునేవాళ్ళు కనిపిస్తారేమో. మీ వీధిలో ఎనభై దాటిన పెద్దాయనెవరైనా ఉంటే మేకుల సంగతి కూడా అడగండి. ఆయనేమన్నాడో ఫోన్లో చెప్పొద్దు. తెలుగులో రాసి పంపండి, తప్పులున్నా ఫర్వాలేదు.

మీ తాత